తుడవని లాప్‌టాప్

"ఆ పిల్లని మీరే పోలీసులకి అప్పజెప్తారా, మమ్మల్ని వెళ్ళి చెప్పమంటారా? ఏదో ఒకటి ఇప్పుడే తేల్చండి!"

అరిచిన తండ్రి అరచెయ్యి ప్రిన్సిపాల్ బల్ల మీద పడింది. గ్లాసులో నీళ్ళు తుళ్ళి కాగితాల మీదకి జారాయి. అతని వెనకాల తలుపు దాకా తల్లిదండ్రులు క్రిక్కిరిసి ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు. అన్ని ఫోన్లలోనూ ఒకటే సందేశం. ఎవరి ఫోన్లో వాళ్ళ బిడ్డ పాస్‌పోర్టు ఫొటో, దాని కింద రెండు వాక్యాలు.

'ఈ ప్రయాణం మానుకోండి. మానకపోతే పద్నాలుగు పాస్‌పోర్టులూ దొంగల బజారుకి చేరతాయి.'

డిటెక్టివ్ ఆ గుంపులోంచి భుజంతో దారి చేసుకుంటూ లోపలికి వచ్చింది. రెండు రోజులుగా ఇంకో కేసు వెంట తిరిగి కాళ్ళు దిమ్మెక్కిపోయి ఉన్నాయి. ఇంటికెళ్ళి దుప్పటి ముసుగేసుకుందామనుకునే వేళకి మరిది ఫోన్ చేశాడు. మరిది అంటే ఈ కాలేజీ ప్రిన్సిపాలే. ఎప్పుడూ సాయం అడగని మనిషి, "వదినా, ఒక్కసారి రా" అన్నాడు. ఆ ఒక్కసారి ఎంతసేపో ఆమెకి అనుభవమే.

"బయట కూర్చోండమ్మా, అందరూ కాస్త బయట కూర్చోండి. టూర్‌కి తీసుకెళ్ళే సైబర్ మాస్టారు మీతో మాట్లాడతారు" అని ప్రిన్సిపాల్ బతిమాలాడు.

మాస్టారనే మాట వినగానే గుంపు కొంచెం మెత్తబడింది. "ఆయన చెప్తే వింటాం" అని గొణుక్కుంటూ ఒక్కొక్కరే సెమినార్ హాలు వైపు కదిలారు.

తలుపు మూశాక ప్రిన్సిపాల్ కుర్చీలో కూలబడ్డాడు. "రాత్రికి విమానం వదినా. సైబర్ భద్రత మీద మూడు వారాల స్టడీ టూర్. ఆహ్వానించిన యూనివర్సిటీకి కూడా ఈ సందేశం వెళ్ళింది. రెండు గంటలకి ఫోన్ చేస్తామన్నారు. ఎవరు చేశారో పేరు చెప్పాలి, వాళ్ళని టూర్ నుంచి తీసేశామని చెప్పాలి. లేకపోతే ఆహ్వానం రద్దు. సైబర్ భద్రత నేర్చుకోడానికి వచ్చేవాళ్ళే పాస్‌పోర్టులు పోగొట్టుకున్నారని వాళ్ళు నవ్వుతున్నట్టుంది."

"నవ్వితే నవ్వారు. ఇంతకీ ఆ పిల్ల ఎవరు?"

"ఆ సంగతి నేను చెప్తాను మేడమ్."

కిటికీ పక్కన నిలబడ్డ మనిషి ఇటు తిరిగాడు. ఇస్త్రీ చెదరని నీలం సూటు, మెళ్ళో ఒక పెద్ద సెక్యూరిటీ కంపెనీ కార్డు. ఐదేళ్ళ కిందట సైబర్ నేరాల విభాగంలో ఈ సూటు ఆమె కింద పనిచేసినవాడే. అప్పట్లో చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకునేవాడు కాదు. ఆమెకి 'జలగ' అని పేరు పెట్టి విభాగమంతా ప్రచారం చేసింది కూడా అతనే.

"నువ్వా! ఈ మధ్య బాగానే గిట్టుబాటవుతున్నట్టుందే."

"మీ ఆశీర్వాదం మేడమ్." అతను నవ్వి, టాబ్లెట్ ముందుకు తోశాడు. "కేసు అయిపోయింది. మీకు శ్రమ అక్కర్లేదు. సందేశాలు పొద్దున తొమ్మిది దాటాక వెళ్ళాయి, కాలేజీ లాబ్‌లో ఉన్న ఒక లాప్‌టాప్ నుంచి. ఆ లాప్‌టాప్ టూర్ విద్యార్థుల లీడర్‌ది. పిల్లలందరూ పిడుగు అని పిలుస్తారు. వీసా కాగితాల పని చూసింది కాబట్టి అందరి పాస్‌పోర్టులున్న ఫోల్డర్ ఆమె ఖాతాతో తెరుచుకుంటుంది. తెరిచింది ఆమె పాస్‌వర్డ్‌తోనే. బద్దలు కొట్టలేదు, దొంగతాళం వెయ్యలేదు. సరిగ్గా ఆ సమయానికి టూర్ ప్రసంగాల రిహార్సల్ మధ్యలో లేచి బయటికెళ్ళింది. వరండా కెమెరాలో లాబ్ తలుపు దగ్గర కనిపించింది. ఇంకేం కావాలి?"

"ఎందుకు చేసిందో కావాలి."

"పిల్లలు మేడమ్. గొప్పలకి చేస్తారు."

"గొప్పలకి చేసినవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ప్రయాణం ఆపమని అడుక్కోరు." డిటెక్టివ్ లేవబోయి, మోకాలు పట్టేసి, బల్ల ఆసరాతో లేచింది. "డబ్బు అడగని దొంగని నేను సర్వీసు మొత్తంలో ఇద్దర్నో ముగ్గుర్నో చూశాను. వాళ్ళందరికీ డబ్బుకన్నా పెద్ద అవసరం ఏదో ఉంది. పిల్ల ఎక్కడ?"

*

పిడుగుని పరీక్ష పేపర్లు దాచే గదిలో కూర్చోబెట్టారు. పేరుకి పిడుగే గానీ చూడ్డానికి వానలో తడిసిన పిచ్చుకలా ఉంది. టూర్ కోసం కుట్టించిన కొత్త కోటు వేసుకుంది. దాని జేబు మీద కాలేజీ గుర్తు దారాలింకా కత్తిరించలేదు.

డిటెక్టివ్ ఎదురుగా కూర్చుని, చెప్పులు విడిచి, పాదాలు నేలకి ఆనించింది.

"ఏమనుకోకమ్మా, కాళ్ళు లాగేస్తున్నాయి. నువ్వు పంపావా?"

"లేదండీ."

"రిహార్సల్ మధ్యలో లేచి ఎందుకెళ్ళావు?"

"ఫోన్ చేసుకోడానికి."

"ఎవరికి?"

"అమ్మమ్మకి."

"ఫోన్ చేసుకోడానికి లాబ్ తలుపు దగ్గరకే వెళ్ళాలా? తలుపు పిడి మీద చెయ్యి వేశావట. కెమెరాలో ఉంది."

పిడుగు కోటు దారాన్ని వేలికి చుట్టుకుంటోంది.

"తలుపు తీశావా?"

"తాళం వేసుందండీ. నా దగ్గర తాళంచెవి లేదు. మాస్టారి దగ్గరొకటి, కోఆర్డినేటర్ మేడం దగ్గరొకటి ఉంటాయి."

"నీ పాస్‌వర్డ్ ఇంకెవరికైనా తెలుసా?"

"తెలీదు."

ఆ 'తెలీదు' చాలా తొందరగా వచ్చింది. అంతవరకూ ప్రతి జవాబుకీ ముందు ఊపిరి తీసుకున్న పిల్ల, ఈ ఒక్కదానికి మాత్రం ఊపిరి తీసుకోలేదు. డిటెక్టివ్ ఆమె మొహం చూసింది. దొంగతనం చేసినవాళ్ళ కళ్ళు తలుపు వైపు తిరుగుతాయి. ఈ పిల్ల కళ్ళు నేల వైపే ఉన్నాయి. అది తప్పించుకోవాలనే భయం కాదు, సిగ్గు.

"చూడమ్మా, రెండింటికి మా మరిది నీ పేరు చెప్పేస్తాడు. టూర్ పోతుంది. కేసు పెడతారు. ఈ చదువులో కేసున్న మనిషికి ఉద్యోగం ఎవడిస్తాడు? బ్యాంకుకి దొంగని కాపలా పెట్టినట్టేనంటారు. అర్థమవుతోందా?"

"అవుతోందండీ."

"అయినా చెప్పవా?"

పిడుగు తల అడ్డంగా ఊపింది. "నేను పంపలేదు. కానీ... నా వల్లే జరిగిందని రాసేసుకోండి. మిగతావాళ్ళని వెళ్ళనివ్వండి."

ముప్పై ఏళ్ళుగా మనుషులు తప్పు చేసి చెయ్యలేదనడం విని విని ఆమె చెవులు తూట్లు పడ్డాయి. చెయ్యలేదంటూనే శిక్షకి ఒప్పుకునేవాళ్ళు ఎప్పుడో గాని తగలరు. తగిలారంటే ఆ రోజు ఇంటికి తొందరగా వెళ్ళడం కల్ల. డిటెక్టివ్ నిట్టూర్చి చెప్పులేసుకుంది.

*

లాబ్ తాళం కోఆర్డినేటర్ వచ్చి తీసింది. టూర్ పనులన్నీ చూసే ఉద్యోగిని, నలభై దాటిన మనిషి, ముక్కు తుడుచుకుంటూనే ఉంది. "పాపం మాస్టారు మేడం! మూడు నెలలుగా ఈ పిల్లల కోసం నిద్రాహారాలు మానేశారు. ఆయన మనసు వెన్న. ఇవాళ ఇలా జరిగిందేమిటో" అంటూ తాళం తీసి, హాల్లో పనుందని వెళ్ళిపోయింది.

సూటు లోపలికి ముందే నడిచి దీపాలు వేశాడు. రెండు వరసల బల్లలు, చివర ఇనుప అల్మారా. అల్మారాలో పద్నాలుగు అరలు, ఒక్కో అరలో ఒక్కో లాప్‌టాప్.

"పరాయి దేశానికి వెళ్ళేటప్పుడు లాప్‌టాప్‌లో సొంత విషయాలేవీ ఉండకూడదు మేడమ్. పోయినా, ఎవరైనా లాక్కున్నా నష్టం ఉండదు. అందుకని నిన్న సాయంత్రం అన్నీ తీసుకుని, మొత్తం తుడిచేసి, కొత్తగా నింపి, సీలు వేశారు. యూనివర్సిటీ పెట్టిన షరతు."

"తుడిచింది ఎవరు?"

"మాస్టారే. ఒక్కరే కూర్చుని చేసుకున్నారు."

డిటెక్టివ్ అల్మారా ముందు వంగింది. ప్రతి లాప్‌టాప్ మూత అంచున తెల్లటి పట్టీ అతికించి ఉంది, దాని మీద మాస్టారి సంతకం. రెండో అర, మూడో అర, నాలుగో అర, అన్నీ అంతే. మొదటి అరలో ఉన్నదానికి మాత్రం పట్టీ లేదు.

"మొదటిది పిడుగుదా?"

"అవును. లీడర్ కదా, అందరికన్నా ముందు ఇచ్చింది."

"ముందు ఇచ్చిన దాన్ని ముందు తుడవాలి గదయ్యా. మిగతా పదమూడూ తుడిచి దీన్నెందుకు వదిలేశారు?"

"ఇది సాక్ష్యం మేడమ్!" సూటు నవ్వు ఆపుకోలేకపోయాడు. "సాక్ష్యాన్ని తుడిచేస్తారా ఎవరైనా? మీకు రెస్టు కావాలి."

"సాక్ష్యం ఎప్పుడైంది?"

"సందేశాలు వెళ్ళినప్పుడు."

"సందేశాలు వెళ్ళింది ఇవాళ పొద్దున. తుడిచింది నిన్న సాయంత్రం. నిన్న సాయంత్రానికి ఇది సాక్ష్యం కాదు, పద్నాలుగింట్లో ఒకటి. మరి దీన్ని అప్పుడే ఎవరు పక్కన పెట్టారు, ఎందుకు పెట్టారు?"

సూటు వంగి, పట్టీ లేని మూత అంచుని వేలితో తడిమాడు.

"ఇంకొకటి చెప్పు. ఆ పిల్లే చేసిందనుకుందాం. లాప్‌టాప్ ఇచ్చే ముందే, నిన్న మధ్యాహ్నమే పంపేస్తే? సాయంత్రానికి కాలేజీవాళ్ళే తమ చేతుల్తో తుడిచిపెట్టేవాళ్ళు. ఆనవాలు కూడా మిగిలేది కాదు. క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల ఆ మాత్రం ఆలోచించదా? ఈ పని చేసినవాడికి ఆనవాలు పోకూడదు. మిగలాలి. మిగిలి, ఆ పిల్ల పేరు చెప్పాలి."

"తాళం ఆమె ఎలాగో తీసుంటుంది..." సూటు గొంతు పెంచాడు. "కెమెరా అబద్ధం చెప్తుందా మేడమ్? తలుపు దగ్గర ఆమే ఉంది!"

"తలుపు దగ్గర ఉంది. తలుపు లోపల ఉందా?"

"వరండా కెమెరాకి లోపల కనిపించదు."

"అది కూడా కనిపించదు." డిటెక్టివ్ అల్మారా పక్కకి చూపించింది. అక్కడ గోడ రంగులోనే కలిసిపోయిన ఇంకో తలుపుంది. తోసింది. చప్పుడు లేకుండా తెరుచుకుంది. అవతల ఒక చిన్న గది. బల్ల, కుర్చీ, గోడకి మంచులో మునిగిన ఒక యూనివర్సిటీ భవనం ఫొటో. బల్ల మీద పలక: సైబర్ విభాగాధిపతి.

"మాస్టారి గది" అన్నాడు సూటు నెమ్మదిగా. వెంటనే తేరుకున్నాడు. "అయితే ఏంటి? ఆయన గదిలోంచి ఎవరైనా రావచ్చు. మేడమ్, నేను మా కంపెనీకి రిపోర్టు పంపేశాను. ప్రిన్సిపాల్‌కి ఇచ్చేశాను. ఇప్పుడు కాదు, కూడదు అంటే నా పరువేం కావాలి?"

"నీ పరువు సూటు లోపల భద్రంగానే ఉంటుంది. దాన్ని నిలబెట్టడానికి ఇరవై ఏళ్ళ పిల్లని కేసులో ఇరికించనా?"

"మీ మరిది కాలేజీ కాబట్టి మీకిష్టమైనట్టు తిప్పుతున్నారు. మిమ్మల్ని జలగ అన్నది ఊరికే కాదు!"

"జలగకి ఒక గుణముందయ్యా. నిండేదాకా వదలదు. నేనింకా నిండలేదు."

సూటు టాబ్లెట్ చంకలో పెట్టుకుని తలుపు దభీమని వేసి వెళ్ళిపోయాడు. డిటెక్టివ్ ఒక కుర్చీలో కూర్చుంది. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంటే బాగుండుననిపించింది. మూసుకోలేదు. మూస్తే తెరవలేనని తెలుసు.

*

"మాస్టారా?" ప్రిన్సిపాల్ సీట్లోంచి సగం లేచాడు. "వదినా, ఆయన మీద అనుమానమా? ఆయన లేకపోతే ఈ టూరే లేదు! ఆ యూనివర్సిటీలో చదువుకున్నది ఆయనే. పదేళ్ళ కిందట అక్కడే డిగ్రీ. ఆ ముక్క చూసే కదా నేను ఉద్యోగం ఇచ్చింది."

"అక్కడి సంగతులు చెప్తుంటాడా?"

"క్లాసులో అన్నీ అవే. మంచు, లైబ్రరీ, అక్కడి ప్రొఫెసర్లు. పిల్లలు చెవులప్పగించి వింటారు. అక్కడివాళ్ళు ఆయనకి పాత విద్యార్థుల విందు కూడా పెడతామన్నారు తెలుసా? ఏ బ్యాచో చెప్పండి, మీ పాత ప్రొఫెసర్లని పిలుస్తాం అన్నారు. ఈయన చెప్పనే లేదు. 'నాకెందుకండీ సన్మానాలు' అన్నాడు. అంత వినయం. పోయిన వారం నా దగ్గరకొచ్చి, నడుంనొప్పి, ఇంకెవరినైనా పంపండి అన్నాడు కూడా."

"నువ్వేమన్నావు?"

"మీరు వెళ్ళకపోతే టూరే లేదన్నాను."

చెప్పిన మాట తన చెవుల్లో పడ్డాక ప్రిన్సిపాల్ ఆగిపోయాడు. మొహంలో రంగు మారింది.

"తాను తప్పుకున్నా టూర్ సాగుతుందనుకున్నాడు" అంది డిటెక్టివ్. "ఆయన వెళ్ళకపోతే టూరే లేదన్నావు నువ్వు. టూర్‌నే ఆపేసే దారి ఆయనకి చూపించింది నువ్వే. ఆ యూనివర్సిటీకి ఇప్పుడే ఒక ప్రశ్న పంపు. ఈ పేరుగల మనిషి అక్కడ ఎప్పుడైనా చదివాడా అని. జవాబు రెండింటికి ఫోన్లో చెప్పమను."

"చదివే ఉంటాడు వదినా..."

"చదివుంటే నేనే ఆయన కాళ్ళకి దండం పెడతాను. పంపు."

ఒక్కటే మిగిలింది, పాస్‌వర్డ్. మాస్టారు తన ఖాతాతో తెరిస్తే తన పేరే బయటపడుతుంది. పిడుగు ఖాతాతో తెరవాలంటే పిడుగు పాస్‌వర్డ్ కావాలి. ఆ పిల్ల ఎవరికీ తెలీదంటోంది.

*

వరండాలో ఒక ముసలావిడ పేపర్ల గది కాపలాదారుతో పోట్లాడుతోంది. "నా మనవరాలు దొంగైతే నేను దొంగల నాయకురాల్ని! నన్నూ లోపలేసి తాళం వెయ్యి, రా!"

డిటెక్టివ్ ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. అమ్మమ్మని చూడగానే పిడుగు అంతసేపూ ఆపుకున్న ఏడుపు కట్ట తెంచుకుంది.

"ఎందుకే ఏడుస్తావు? చెప్పేస్తే పోయేదానికి" అంది అమ్మమ్మ, కొంగుతో మనవరాలి మొహం తుడుస్తూ. తర్వాత డిటెక్టివ్ వైపు తిరిగింది. "ఎవతో ఫోన్ చేసి అడిగితే ఆ పాసు మాట చెప్పేసిందటమ్మా. పొద్దున నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. నిన్న రాత్రి కూడా అన్నం ముట్టలేదు."

"అమ్మమ్మా!"

"అమ్మమ్మా లేదు, గిమ్మమ్మా లేదు. జైలుకెళ్తావా ఈ మాటకి?"

డిటెక్టివ్ మళ్ళీ చెప్పులు విడిచి కూర్చుంది. "ఇప్పుడు మొదట్నుంచీ చెప్పు."

పిడుగు చెప్పింది. టూరుకి వెళ్ళేముందు ఆఖరి పరీక్ష ఒకటుంది. ఎవరో కొత్త నంబర్ నుంచి ఫోన్ చేసి, తాము యూనివర్సిటీవాళ్ళమని నమ్మించి, పాస్‌వర్డ్ రాబట్టాలని చూస్తారు. ఉత్తుత్తి దొంగ ఫోన్. దానికి పడిపోయినవాళ్ళ సీటు పోతుంది. పక్కన ఎదురుచూస్తున్నవాళ్ళకి ఇచ్చేస్తారు. నిన్న మధ్యాహ్నం పిడుగుకి ఫోన్ వచ్చింది. వీసా ఫారంలో తప్పుందనీ, సాయంత్రంలోపు సరిచెయ్యకపోతే సీటు పోతుందనీ ఒకావిడ కంగారు పెట్టింది. సీటు పోతుందనేసరికి బుర్ర పనిచెయ్యలేదు. చెప్పేసింది.

"ఫోన్ పెట్టేసిన మరుక్షణం తెలిసిందండీ, అది పరీక్షని. సీటు పోయిందనుకున్నా. సాయంత్రం లాప్‌టాప్‌లు ఇచ్చేశాక మాస్టారు ఫలితం చెప్పారు." పిడుగు కళ్ళు తుడుచుకుంది. "'ఒక్కరు కూడా పడలేదు, నాకు గర్వంగా ఉంది' అన్నారు."

డిటెక్టివ్ వెన్ను నిటారుగా అయింది. "అప్పుడు నువ్వేమనుకున్నావు?"

"నాకొచ్చింది పరీక్ష ఫోన్ కాదనుకున్నా. నిజం దొంగకే చెప్పేశాననుకున్నా. పాస్‌వర్డ్ మార్చాలంటే ఆ లాప్‌టాప్‌లోంచే మార్చాలి, అది లోపలుంది. పొద్దున లాబ్ దగ్గరకి అందుకే వెళ్ళా. తాళం వేసుంది. ఇంతలోనే అందరి ఫోన్లూ మోగాయి." ఆమె తలెత్తింది. "క్లాసులో నేనే ఫస్టండీ. ఇలా పడకూడదని జూనియర్లకి పాఠం చెప్పింది నేను. ఫోన్‌కి పడిపోయానని చెప్పడం కంటే..."

"దొంగనని ఒప్పుకోవడం నయమనిపించింది."

పిడుగు తలూపింది. ఈ చదువు చదివినవాళ్ళే చెయ్యగల తప్పు అది. ఇంకెవరైనా అయితే 'మోసపోయాను బాబోయ్' అని వీధిలోకొచ్చి అరిచేవాళ్ళు.

"నీ పద్నాలుగుమంది పాస్‌పోర్టులూ ఏ దొంగ చేతికీ పోలేదమ్మా" అంది డిటెక్టివ్. "కానీ అది నిరూపించాలంటే ఆ ఫోన్ సంగతి నువ్వే హాల్లో అందరి ముందూ చెప్పాలి. చెప్తే సీటు పోవచ్చు. నియమం నియమమే అంటారు. నేను అడ్డుపడలేను."

పిడుగు అమ్మమ్మ వైపు చూసింది. ముసలావిడ కోటు జేబు దగ్గర వేలాడుతున్న దారాన్ని పంటితో కొరికి, గుర్తుని అరచేత్తో సాపు చేసింది.

*

సెమినార్ హాల్లో మాస్టారు వేదిక మీద నిలబడి మాట్లాడుతున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, చెదిరిన జుట్టు, ఎర్రబడ్డ కళ్ళు. గొంతు మాత్రం మెత్తగా ఉంది. "మనకి ప్రాణాలకన్నా ప్రయాణం ముఖ్యం కాదు. ఈసారికి వదిలేద్దాం. పిల్లలకి ఇంకా ఎన్నో అవకాశాలొస్తాయి." ముందు వరసలో తల్లులు కళ్ళొత్తుకుంటున్నారు.

సూటు ఒక పక్క గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ప్రిన్సిపాల్ చేతిలో ఫోన్ పట్టుకుని తలుపు దగ్గర ఆగిపోయాడు. రెండు కావస్తోంది.

"ఒక్క సందేహం మాస్టారూ" అంది డిటెక్టివ్ మెట్లెక్కే ఓపిక లేక కిందనుంచే. "నిన్న ఉత్తుత్తి ఫోన్ పరీక్షలో ఎంతమంది పడ్డారు?"

"ఎవరూ పడలేదండీ. నిన్ననే చెప్పాను."

హాల్లో ఎవరో తలుపు తోశారు. పిడుగు నడవలోకి వచ్చి నిలబడింది. "దొంగ! దొంగ వచ్చింది!" అని ఎవరో అన్నారు. ఆమె ఆగలేదు.

"నేను పడ్డాను మాస్టారూ" అంది. ఆ మాట ముందు వరసకే వినిపించింది. మళ్ళీ అంది, ఈసారి చివరి వరస దాకా వినిపించేలా. "నేను పడ్డాను. పాస్‌వర్డ్ చెప్పేశాను."

డిటెక్టివ్ మాస్టారిని చూడలేదు. మూడో వరసలో కూర్చున్న కోఆర్డినేటర్ని చూసింది. ఆవిడ చేతిరుమాలు ముక్కు దగ్గరే ఆగిపోయింది.

"పరీక్ష ఫోన్లు చేసింది మీరే కదమ్మా?"

"నేనే మేడం. పద్నాలుగుమందికీ నేనే చేశాను, మాస్టారు రాసిచ్చింది గొంతు మార్చి చదివాను."

"ఈ అమ్మాయి చెప్పింది నిజమేనా?"

కోఆర్డినేటర్ లేచి నిలబడి, తానేదో రహస్యం బయటపెట్టేస్తున్నట్టు నొచ్చుకుంటూ వేదిక వైపు చూసింది. "ఏమనుకోకండి మాస్టారూ, చెప్పొద్దన్నారు గానీ... ఈ అమ్మాయి ఒక్కతే పడింది మేడం. పాస్‌వర్డ్ చీటీ రాసి మాస్టారికే ఇచ్చాను. పాపం, సీటు పోతుందని జాలిపడి, ఎవరికీ చెప్పకు, నేను చూసుకుంటానన్నారు. ఆయన మనసు వెన్నండీ. నేను ముందే చెప్పాను కదా."

గోడకి ఆనుకున్న సూటు నెమ్మదిగా నిటారుగా అయ్యాడు. అతను మూర్ఖుడు కాదు. పట్టీ లేని లాప్‌టాప్, పక్క తలుపు, పాస్‌వర్డ్ చీటీ. అతని కళ్ళల్లో ఒక్కొక్కటీ వరసలో కూర్చోవడం డిటెక్టివ్‌కి కనిపించింది.

"మాస్టారూ" అన్నాడు సూటు, "ఆ లాప్‌టాప్ నిన్ననే ఎందుకు తుడవలేదు?"

మాస్టారు మైకుని స్టాండులో పెట్టాడు. పెట్టేటప్పుడు అది గరగరమంది. "చాలా అలసిపోయానండీ" అన్నాడు. లాప్‌టాప్ గురించి చెప్తున్నాడో, ఇంకే దాని గురించి చెప్తున్నాడో ఎవరికీ తెలియలేదు. వేదిక మీద కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

అప్పుడే ప్రిన్సిపాల్ చేతిలో ఫోన్ మోగింది. అతను స్పీకర్ నొక్కాడు. అవతలి గొంతు మర్యాదగా, తొందరగా మాట్లాడింది. ముందు మీరు పంపిన ప్రశ్నకి జవాబు: ఆ పేరుగల మనిషి ఏ సంవత్సరంలోనూ మా దగ్గర చదవలేదు. మేము రెండుసార్లు వెతికించాం. ఇక రెండోది, మీ వైపు నుంచి రావలసిన జవాబు. ఈ పని ఎవరు చేశారు?

ప్రిన్సిపాల్ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు. కళ్ళు తడిశాయి. "వదినా... నువ్వు చెప్పు."

"కాలేజీ నీది. ఉద్యోగం ఇచ్చింది నువ్వు. నా పని అయిపోయింది."

అవతలి గొంతు మళ్ళీ అడిగింది. నడవలో పిడుగు కదలకుండా నిలబడి ఉంది. పొద్దున్నుంచీ ఆమెని దొంగ అన్న తండ్రి, ఆమె పక్కనే, తల దించుకుని ఉన్నాడు.

ప్రిన్సిపాల్ చెయ్యి తీశాడు.

"మా విద్యార్థులెవరూ కాదండీ" అన్నాడు. తర్వాత, ఒక్కో మాటా గొంతులోంచి లాగి బయటపెడుతున్నట్టు: "చేసింది ఈ టూర్ నాయకుడు. మా సైబర్ మాస్టారు."